ఊరంతటికీ ఒకటే పొయ్యి

మన వంటింట్లో మొదలుపెడదాం.

కట్టెల పొయ్యి మీద అన్నం వండుతున్నాం. గిన్నె కింద మంట ఉంది. ఆ మంట వేడి అంతా గిన్నెకే తగులుతుందా? తగలదు. చాలా వేడి పక్కలకు పోతుంది. పొగతోపాటు పైకి పోతుంది. కట్టెలు మనం మోసి తెచ్చినవే. వేడి మాత్రం గాలిపాలు అవుతుంది.

మన పెద్దవాళ్ళు దీనికి ఒక ఉపాయం చేశారు. పెద్ద పొయ్యి పక్కన ఇంకో చిన్న పొయ్యి కలిపి కట్టారు. కొన్ని ఊళ్ళలో దాన్ని కోడిపొయ్యి అంటారు. పెద్ద పొయ్యి మీద అన్నం ఉడుకుతుంది. పక్కకు పోయే వేడి కోడిపొయ్యిలోకి వస్తుంది. దాని మీద పప్పో, పాలో, స్నానానికి నీళ్ళో పెడతారు. దానికోసం వేరే కట్టెలు పెట్టక్కర్లేదు. మంట ఒకటే. పనులు రెండు.

ఈ ఉపాయాన్ని ఒక నగరం మొత్తం వాడుకుంటే ఎలా ఉంటుంది? అలా వాడుకుంటున్న నగరం ఒకటి ఉంది. దాని పేరు కోపెన్‌హాగెన్. ఆ నగరం 2012లో లోకానికంతా తెలిసేలా ఒక మాట ఇచ్చింది. 2025 నాటికి తమ ఊరి పొగ లెక్కను సున్నా చేస్తామంది. అందుకోసం ఏమేం చేసింది? ఆ మాట నిలబెట్టుకుందా? చదివి తెలుసుకుందాం.

చలి ఊరు

కోపెన్‌హాగెన్ ఐరోపా ఖండంలో ఉంది. డెన్మార్క్ అనే చిన్న దేశానికి అది రాజధాని. సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. జనాభా 6 లక్షలకు పైగా. ఇంచుమించు మన గుంటూరు అంత ఊరు అనుకోవచ్చు.

అక్కడ చలి ఎక్కువ. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా చలే. మంచు కురుస్తుంది. డిసెంబరు నెలలో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు కుంకుతుంది. మనకు ఎండాకాలంలో ఫ్యాను లేకపోతే నిద్ర పట్టదు. వాళ్ళకు చలికాలంలో ఇల్లు వెచ్చగా లేకపోతే బతుకే లేదు. ముసలివాళ్ళు, పసిపిల్లలు తట్టుకోలేరు. అందుకని ఇల్లు వెచ్చబెట్టుకోవడం అక్కడ అన్నం వండుకోవడమంత అవసరం.

వెచ్చదనం కావాలంటే ఏదో ఒకటి మండించాలి. ఒకప్పుడు చాలా ఇళ్ళలో బొగ్గు మండించేవాళ్ళు. తర్వాత నూనె వచ్చింది. ఇది వంటనూనె కాదు. భూమి లోపలి నుంచి తోడే ముడి నూనె నుంచి తీసినది. మన కిరసనాయిలు, డీజిలు లాంటిది. ఎవరింట్లో వాళ్ళు నూనె పోసుకుని మండించుకునేవాళ్ళు.

నూనె కరువు

1973 అక్టోబరులో అరబ్బు దేశాలకూ, ఇజ్రాయెల్‌కూ యుద్ధం వచ్చింది. అరబ్బు దేశాలు నూనె అమ్మడం తగ్గించాయి. కొన్ని నెలల్లోనే ధర దాదాపు నాలుగు రెట్లు అయింది.

డెన్మార్క్ గుండె ఆగినంత పని అయింది. ఎందుకంటే ఆ దేశం వాడే ఇంధనంలో 10 పాళ్ళకు 9 పాళ్ళు నూనే. అదీ బయటి దేశాల నుంచి కొన్నదే. చలికాలం ముంచుకొస్తోంది. నూనె లేదు. ఏం చేయాలి?

ప్రభుత్వం ఆదివారాలు కార్లు నడపకూడదని ఆజ్ఞ పెట్టింది. కొన్ని నెలలపాటు ఆదివారం వస్తే పెద్ద రోడ్లు ఖాళీ. జనం వాటి మీద నడిచారు. సైకిళ్ళు తొక్కారు. పిల్లలు ఆడుకున్నారు.

ఆ కష్టం డెన్మార్క్ ప్రజలకు ఒక పాఠం చెప్పింది. మన పొయ్యిలో మంట వేరేవాళ్ళ చేతిలో ఉండకూడదు. ఉన్న ఇంధనాన్ని వృథా చేయకూడదు.

1979లో ఆ దేశం ఒక చట్టం చేసింది. ఏ ఊళ్ళో ఇళ్ళు ఎలా వెచ్చబెట్టాలో ఆ ఊరి పురపాలక సంఘం పథకం వేయాలి. ఎవరికి తోచినట్టు వాళ్ళు చేసుకోవడం కాదు. ఊరంతా కలిసి ఆలోచించాలి.

ఊరి పొయ్యి ఎలా పనిచేస్తుంది?

ముందు ఒక సంగతి తెలుసుకుందాం. కరెంటు ఎలా తయారవుతుంది?

థర్మల్ కేంద్రంలో బొగ్గు మండిస్తారు. ఆ మంట మీద నీళ్ళు మరుగుతాయి. ఆవిరి వస్తుంది. ఆ ఆవిరి గట్టిగా తోసి ఒక పెద్ద చక్రాన్ని తిప్పుతుంది. చక్రం తిరిగితే కరెంటు పుడుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 100 రూపాయల బొగ్గు మండిస్తే సుమారు 40 రూపాయల బొగ్గే కరెంటుగా మారుతుంది. మిగిలినదంతా వేడిగా పోతుంది. మన దగ్గర పాల్వంచకు వెళ్ళినవాళ్ళు కొత్తగూడెం థర్మల్ కేంద్రాన్ని చూసి ఉంటారు. అక్కడ నడుము సన్నగా, చాలా ఎత్తుగా ఉండే టవర్లు ఉంటాయి. వాటి పైనుంచి తెల్లగా ఆవిరి పోతూ ఉంటుంది. చాలామంది అది పొగ అనుకుంటారు. అది పొగ కాదు, ఆవిరి. పనికి రాకుండా పోయే వేడి ఆ ఆవిరితోపాటు ఆకాశంలో కలిసిపోతోంది. మన ఎండల్లో ఆ వేడి మన ఇళ్ళకు అక్కర్లేదు. కోపెన్‌హాగెన్‌లో మాత్రం ఆ వేడి బంగారం.

అందుకని వాళ్ళు ఏం చేశారు? కరెంటు కేంద్రం దగ్గర మిగిలే వేడితో నీళ్ళు కాచారు. ఆ వేడినీళ్ళను పెద్ద గొట్టాల్లో ఊళ్ళోకి పంపారు. గొట్టాలు భూమి లోపల ఉంటాయి. వేడి పోకుండా వాటికి మందంగా కప్పు చుడతారు. మనం టీ పోసుకునే ఫ్లాస్కు లాగా అన్నమాట.

ఆ వేడి ప్రతి ఇంటికీ వెళుతుంది. గదిలో గోడకు ఒక ఇనుప పలక బిగించి ఉంటుంది. వేడినీళ్ళు దానిలో తిరుగుతాయి. పలక వేడెక్కుతుంది. గది వెచ్చబడుతుంది. స్నానానికి నీళ్ళు కాగడం కూడా ఆ వేడితోనే. చల్లారిన నీళ్ళు ఇంకో గొట్టంలో వెనక్కి వెళతాయి. మళ్ళీ కాగి, మళ్ళీ వస్తాయి.

ఇప్పుడు చూడండి. ఇంటింటికీ నూనె పొయ్యి లేదు. ఇంటింటికీ పొగగొట్టం అక్కర్లేదు. 100 రూపాయల ఇంధనం మండిస్తే 85 నుంచి 90 రూపాయల దాకా పనికి వస్తోంది. మన కోడిపొయ్యి ఉపాయమే ఇది. కాకపోతే పొయ్యి ఊరంత పెద్దది.

కోపెన్‌హాగెన్‌లో 100 ఇళ్ళుంటే దాదాపు 98 ఇళ్ళకు ఈ గొట్టాల నుంచే వెచ్చదనం వస్తుంది. ఇందులో ఇంకో మంచి సంగతి ఉంది. ఈ వేడి అమ్మేవాళ్ళు లాభం వేసుకోకూడదు. ఖర్చు ఎంత అయితే అంతే వసూలు చేయాలి. ఇది ఆ దేశపు చట్టం.

పొగ లెక్క ఎందుకు?

పొయ్యి ఒకటే అయింది. కాని అందులో వేసేది ఏమిటి? నూనె ఖరీదైందని కరెంటు కేంద్రాలు బొగ్గు వైపు తిరిగాయి. నూనె కొనడం తగ్గింది. పొగ మాత్రం ఆగలేదు.

బొగ్గు, పెట్రోలు, డీజిలు మండితే కంటికి కనిపించే పొగ వస్తుంది. దానితోపాటు కంటికి కనిపించని ఒక వాయువు కూడా వస్తుంది. దాన్ని బొగ్గుపులుసు వాయువు అంటారు. దానికి రంగు లేదు. వాసన లేదు.

ఒక లీటరు పెట్రోలు మండితే ఈ వాయువు ఎంత వస్తుందో తెలుసా? సుమారు 2 కిలోల 300 గ్రాములు. లీటరు పెట్రోలు బరువు కిలో కూడా ఉండదు కదా, వాయువు అంత బరువు ఎలా ఉంటుంది? పెట్రోలులో ఉన్న బొగ్గు అంశం గాలిలోని ప్రాణవాయువుతో కలుస్తుంది. అందుకే బరువు పెరుగుతుంది.

ఈ వాయువు భూమి చుట్టూ దుప్పటిలాగా పరుచుకుంటుంది. పగలు ఎండ భూమికి తగులుతుంది. వచ్చిన వేడిలో కొంత మళ్ళీ ఆకాశంలోకి పోవాలి. ఈ దుప్పటి పోనివ్వదు. పలచటి దుప్పటి ఉంటే మంచిదే. అది లేకపోతే భూమి గడ్డకట్టుకుపోతుంది. కాని దుప్పటి మందం అవుతూ పోతే లోపల ఉక్కపోస్తుంది. భూమి వేడెక్కుతుంది.

కట్టె మండినా ఈ వాయువే వస్తుంది కదా అని మీరు అడగవచ్చు. వస్తుంది. కాని ఒక తేడా ఉంది. చెట్టు పెరిగేటప్పుడు గాలిలో ఉన్న ఈ వాయువును తీసుకుంటుంది. మండినప్పుడు తిరిగి ఇస్తుంది. అదే చోట ఇంకో చెట్టు పెరిగితే మళ్ళీ తీసుకుంటుంది. ఇది చేబదులు లాంటిది. బొగ్గు, నూనె అలా కాదు. అవి కోట్ల ఏళ్ళ కిందట భూమిలో పూడిపోయిన చెట్ల నుంచి, సముద్రపు జీవుల నుంచి తయారయ్యాయి. వాటిని తవ్వి మండిస్తే పాతకాలపు వాయువంతా కొత్తగా గాలిలో చేరుతుంది. దాన్ని తిరిగి తీసుకునేవాళ్ళు లేరు.

ఆ ఊరి గొట్టంలోంచి వచ్చిన వాయువు ఆ ఊరి మీదే ఉండిపోదు. గాలికి సరిహద్దులు లేవు. లోకమంతా కలుస్తుంది. మన లారీ పొగ, మన థర్మల్ పొగ కూడా అలాగే కలుస్తాయి. దుప్పటి అందరిదీ ఒకటే.

2012లో ఇచ్చిన మాట

2009 డిసెంబరులో ప్రపంచ దేశాల నాయకులు కోపెన్‌హాగెన్‌లోనే కలిశారు. భూమి వేడెక్కకుండా ఏం చేయాలో మాట్లాడుకున్నారు. ఆ ఏడే నగరం ఒక పథకం రాసుకుంది. 2005లో ఎంత వాయువు వదిలామో లెక్క కట్టింది. 2015 నాటికి అందులో ఐదో వంతు తగ్గించాలని అనుకుంది. నాలుగేళ్ళు ముందుగానే, 2011లోనే, ఆ పని అయిపోయింది.

అదే 2011లో ఇంకో సంగతి జరిగింది. జులై 2న ఆ ఊరి మీద కుండపోత వాన కురిసింది. రెండు మూడు గంటల్లోనే కొన్నిచోట్ల 100 మిల్లీమీటర్లకు పైగా పడింది. మనం ఇలాంటి వానలు చూశాం. వాళ్ళు చూడలేదు. వీధులు వాగులయ్యాయి. నేలమాళిగలన్నీ నీళ్ళతో నిండాయి. కోట్ల కోట్ల నష్టం వచ్చింది. గాలి వేడెక్కితే దానిలో నీటి ఆవిరి ఎక్కువ పడుతుంది. పెద్ద వానలు ఇంకా పెద్దవి అవుతాయి. ఈ మాట శాస్త్రవేత్తలు చెబితే విన్నారు. ఆ రోజు కళ్ళతో చూశారు.

2012 ఆగస్టులో నగరపాలక సంఘం కొత్త పథకానికి ఒప్పుకుంది. 2025 నాటికి లెక్క సున్నా కావాలి. పనిని నాలుగు భాగాలు చేశారు.

ఒకటి: కరెంటు, వేడి తక్కువ వాడాలి. గోడల నుంచి, కిటికీల నుంచి వెచ్చదనం పోకుండా ఇళ్ళను బాగుచేయాలి.

రెండు: కరెంటు, వేడి తయారుచేసే చోట బొగ్గు మానాలి.

మూడు: రాకపోకలు. 100 ప్రయాణాల్లో 75 నడిచి గాని, సైకిల్ మీద గాని, బస్సూ రైలూ ఎక్కి గాని జరగాలి.

నాలుగు: నగరపాలక సంఘం తన ఆఫీసుల్లో, బడుల్లో, బండ్లలో ముందుగా తానే చేసి చూపించాలి.

వీటిలో అన్నిటికన్నా పెద్దది రెండోది. తగ్గించాల్సిన దానిలో దాదాపు నాలుగింట మూడు వంతులు అక్కడి నుంచే రావాలని లెక్క కట్టారు.

గాలిలో వాటాలు

బొగ్గు మానితే కరెంటు ఎలా? అక్కడ సముద్రం మీద గాలి బాగా వీస్తుంది. ఆ గాలితో మరలు తిప్పి కరెంటు తీయవచ్చు. మన అనంతపురం జిల్లాలో, కడప జిల్లాలో కూడా గాలిమరలు చూస్తాం కదా, అలాంటివే.

కోపెన్‌హాగెన్ రేవు ఎదురుగా సముద్రంలో 2000లో 20 గాలిమరలు నిలబెట్టారు. ఆ చోటు పేరు మిడిల్‌గ్రుండెన్. మొదట 27 మరలు పెడదామనుకున్నారు. ఊరివాళ్ళ మాటలు విన్నారు. సముద్రం అందం పాడవుతుందని కొందరు అన్నారు. చివరికి 20కి తగ్గించారు. అందంగా వంపు తిరిగిన వరసలో పెట్టారు.

వాటి యజమాని ఎవరు? 10 మరలు కరెంటు సంస్థవి. మిగిలిన 10 మరలు జనానివి! 8 వేల మందికి పైగా కలిసి సహకార సంఘం పెట్టుకున్నారు. 40,500 వాటాలు చేశారు. ఒక్కో వాటా ఏడాదికి సుమారు 1000 యూనిట్ల కరెంటుకు సమానం. కరెంటు అమ్మగా వచ్చిన డబ్బు వాటాదారులకు వస్తుంది. మన పాల సంఘం ఎలా ఉంటుందో అలాగే. కిటికీలోంచి చూస్తే తమ మర తిరుగుతూ కనిపిస్తుంది. తమది అనుకున్నదాని మీద ఎవరికైనా ప్రేమ ఉంటుంది.

సైకిల్‌కు పెద్దపీట

ఆ ఊళ్ళో సైకిల్ తొక్కడం నామోషీ కాదు. ఆఫీసరు తొక్కుతాడు. డాక్టరమ్మ తొక్కుతుంది. తల్లులు ముందు పెట్టె ఉన్న మూడు చక్రాల బండిలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని తొక్కుతారు.

ఇది మొదటి నుంచీ ఉన్నది కాదు. నడుమ కార్లు పెరిగిపోయాయి. సైకిళ్ళకు చోటు లేకపోయింది. 1970ల చివర, 1980లలో సైకిల్ తొక్కేవాళ్ళు వేలమంది ఊరేగింపులు తీశారు. మాకు దారి ఇవ్వండి అని అడిగారు. నగరం దారి ఇచ్చింది. రోడ్డు పక్కన, కార్ల దారి కన్నా కొంచెం ఎత్తుగా, సైకిళ్ళకు వేరే దారి వేశారు. అలాంటి దారులు ఇప్పుడు 350 కిలోమీటర్లకు పైగా ఉన్నాయి.

ఒక పెద్ద రోడ్డు మీద సిగ్నల్ దీపాలను కూడా సైకిళ్ళకు తగినట్టు మార్చారు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తొక్కుతూ పోతే వరసగా పచ్చ దీపాలే వస్తాయి. ఎక్కడా ఆగక్కర్లేదు. 2016లో లెక్కపెడితే ఊరి నడిబొడ్డులోకి వచ్చే కార్ల కన్నా సైకిళ్ళే ఎక్కువ అని తేలింది.

జనం మంచివాళ్ళు కాబట్టి సైకిల్ తొక్కుతున్నారని అనుకోకండి. దారి ఉంది, భయం లేదు, తొందరగా చేరుతారు. అందుకే తొక్కుతున్నారు.

చెత్త కొండ, కట్టెల గుట్ట

వేడి కోసం మండించడం మాత్రం తప్పలేదు. బొగ్గు బదులు కట్టె మొదలుపెట్టారు. అమాగర్ అనే చోట ఉన్న కరెంటు కేంద్రం 2020 ప్రాంతంలో బొగ్గు పూర్తిగా మానేసింది. చెక్క ముక్కలు మండించసాగింది.

దాని దగ్గరలోనే ఇంకో పెద్ద కేంద్రం ఉంది. అది 2017లో మొదలైంది. అందులో చెత్త మండిస్తారు. ఏడాదికి 4 లక్షల టన్నులకు పైగా. చెత్త మంటతో కరెంటు, వేడినీళ్ళు వస్తాయి. ఆ కట్టడం కొండలా ఏటవాలుగా ఉంటుంది. 2019 నుంచి జనం దాని కప్పు మీద జారుడు ఆట ఆడుకుంటున్నారు. చెత్త కాల్చే చోటుకు ఆదివారం పిల్లల్ని తీసుకుని వెళతారు! లోకమంతా దాన్ని మెచ్చుకుంది.

కాని ఇక్కడే ముడి పడింది. చెత్తలో ప్లాస్టిక్ ఉంటుంది. ప్లాస్టిక్ దేనితో చేస్తారు? భూమిలోంచి తీసిన నూనెతో. ప్లాస్టిక్ కాలిస్తే నూనె కాల్చినట్టే. పైగా అంత పెద్ద పొయ్యికి ఊరి చెత్త చాలలేదు. బయటి దేశాల నుంచి కూడా చెత్త తెప్పించుకున్నారు. పొయ్యి పెద్దదైతే దాని ఆకలీ పెద్దదే.

మాట తప్పిన రోజు

దీనికి నగరం ఒక దారి ఆలోచించింది. ఆ చెత్త కేంద్రం పొగగొట్టం దగ్గరే వాయువును పట్టేయాలి. పట్టి భూమి లోపల దాచేయాలి. ఏడాదికి 5 లక్షల టన్నులు అలా పట్టవచ్చని అనుకున్నారు. 2025లో లెక్క సున్నా కావడానికి ఈ పనే ఆధారం.

ఆ పనికి చాలా డబ్బు కావాలి. ప్రభుత్వం సాయం ఇస్తానంది గాని, షరతులు పెట్టింది. డబ్బు విషయంలో ఆ షరతులకు చెత్త కేంద్రం తూగలేకపోయింది. 2022 ఆగస్టులో నగరం తానే బయటపెట్టింది. 2025లో సున్నా కావడం సాధ్యం కాదని చెప్పింది.

పదేళ్ళు లోకానికి చెప్పుకున్న మాట అది. తప్పిపోయింది.

అయితే మొత్తం ఓడిపోయారా? అలా అనలేం. అప్పటికే 2005 కన్నా సగానికి మించి వాయువు తగ్గింది. ఊళ్ళో జనం మాత్రం ఆ ఏళ్ళలో పెరిగారు. జనం పెరిగి, పొగ తగ్గడం చిన్న సంగతి కాదు. తేలిక పనులు ముందు అయ్యాయి. కష్టమైన చివరి పని మిగిలింది. గోనె బస్తాలో పైనున్న గింజలు చేతికి వస్తాయి. మూలల్లో ఇరుక్కున్నవి బస్తా తిరగేసి దులిపితే గాని రావు.

లెక్కలో రాయనివి

ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. సున్నా అంటే ఊళ్ళో పొగే లేదని కాదు. ఒక ఉదాహరణ చూద్దాం. మీరు ఒకరికి 500 రూపాయలు బాకీ. ఇంకొకరి దగ్గర మీకు 500 రావాలి. రెండూ కొట్టివేస్తే సున్నా. నగరం లెక్క కూడా అలాంటిదే. ఊళ్ళో కార్లు, లారీలు వాయువు వదులుతాయి. అది బాకీ. ఊరి గాలిమరల కరెంటు బయటికి వెళితే అక్కడ బొగ్గు మిగులుతుంది. అది రావలసినది. రెండూ కొట్టివేయాలని పథకం.

ఈ లెక్క మీద చాలామంది ప్రశ్నలు వేశారు.

కట్టె మండితే వచ్చే వాయువును లెక్కలో సున్నా అని రాశారు. మళ్ళీ చెట్టు పెరుగుతుంది కదా అన్నారు. చెట్టు పెరగడానికి ఎన్ని ఏళ్ళు పడుతుంది? కట్టె గంటలో కాలిపోతుంది. పైగా ఆ కట్టెలో చాలా భాగం వేరే దేశాల అడవుల నుంచి ఓడల మీద వచ్చింది.

జనం విమానాలు ఎక్కుతారు. ఆ పొగ ఊరి లెక్కలో లేదు. వేరే దేశంలో చేసిన బట్టలు, ఫోన్లు కొంటారు. మాంసం తింటారు. అవి తయారైన చోట వచ్చిన పొగ కూడా లెక్కలో లేదు.

ఈ ప్రశ్నలు వేసినవాళ్ళు బయటివాళ్ళే కాదు. ఆ ఊరివాళ్ళు కూడా వేశారు. ఎలా వేయగలిగారు? లెక్క బయట ఉంది కాబట్టి. నగరం ఏడాదికేడాది ఎంత వాయువు వదిలిందో రాసి, అందరికీ చూపింది. చదివినవాళ్ళు తప్పు పట్టారు. నగరం ఇప్పుడు 2035 కోసం కొత్త పథకం వేసుకుంది. జనం కొనే వస్తువుల వల్ల వచ్చే పొగను కూడా అందులో లెక్కకు తీసుకుంది.

మాట తప్పడం మంచిది కాదు. కాని మాట తప్పిందని దాచకుండా చెప్పడం, ఎందుకు తప్పిందో చెప్పడం, లెక్కలో లేనిదాన్ని లెక్కలోకి తేవడం మంచివే. లెక్క రాయని ఊరు మాట తప్పినా ఎవరికీ తెలియదు.

మనకేమిటి?

ఎక్కడో ఉన్న చలి ఊరి కథ మనకెందుకు అని అనుకోవచ్చు.

2015 మే నెల గుర్తు తెచ్చుకోండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో వడగాలులు వీచాయి. వెయ్యి మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. వాళ్ళలో చాలామంది ఎండలో పని చేయక తప్పనివాళ్ళు. కూలీలు, ముసలివాళ్ళు. విమానం ఎక్కనివాళ్ళు, కారు లేనివాళ్ళు. దుప్పటి మందం చేసింది ఎక్కువగా వేరేవాళ్ళు. ఉక్కపోత ముందుగా తగిలింది మనవాళ్ళకు. అందుకే పెద్ద ఊళ్ళు పొగ తగ్గిస్తాయా, లేదా అన్నది మన బతుకు సంగతి కూడా.

వాళ్ళు చేసినవన్నీ మనం చేయలేం. మనకు ఇళ్ళు వెచ్చబెట్టే గొట్టాలు అక్కర్లేదు. కాని వృథాను ఆపడం మనకూ కావాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని దెబ్బకొట్టింది. వీధి దీపాలు పాడయ్యాయి. ఆ తర్వాత నగరమంతా పాత దీపాల బదులు ఎల్.ఇ.డి. దీపాలు పెట్టారు. అవి దాదాపు 90 వేలు. వాటికి పాత దీపాల్లో సగం కరెంటు దాకా చాలు. కష్టం వచ్చినప్పుడు పాతదాన్నే తిరిగి కట్టలేదు. మెరుగైనదాన్ని కట్టారు. 1973 తర్వాత కోపెన్‌హాగెన్ చేసింది కూడా అదే.

మన పంచాయతీకి, మన పురపాలక సంఘానికి కూడా లెక్క ఉంటుంది. వీధి దీపాలకు నెలకు ఎంత కరెంటు బిల్లు? పగలు కూడా వెలిగే దీపాలు ఎన్ని? నీళ్ళ ట్యాంకర్లకు, చెత్త బండ్లకు ఎంత డీజిలు? చెత్త ఎక్కడ పోస్తున్నారు, ఎక్కడ కాలుస్తున్నారు? బడికి పిల్లలు సైకిల్ మీద భయం లేకుండా వెళ్ళే దారి ఉందా? ఇవన్నీ గ్రామసభలో, వార్డు సభలో అడగవచ్చు. అడగడం మన హక్కు.

ఇంతకుముందు ఎవరో చదివి చెబితే వినేవాళ్ళం. ఇప్పుడు మనమే చదువుతున్నాం. అంకెలు మనమే కూడుతున్నాం. ఇంటి లెక్క రాసే చేయి ఊరి లెక్క కూడా చూడగలదు.

కొత్త మాటలు

ఇంధనం: మండించడానికి వాడేది. కట్టె, బొగ్గు, పెట్రోలు, గ్యాసు.

శిలాజ ఇంధనం: కోట్ల ఏళ్ళ కిందటి చెట్లు, జీవులు భూమిలో పూడిపోగా తయారైన ఇంధనం. బొగ్గు, ముడి నూనె, భూమిలోంచి తీసే గ్యాసు.

బొగ్గుపులుసు వాయువు: ఇంధనం మండినప్పుడు వచ్చే, కంటికి కనిపించని వాయువు. కార్బన్ డయాక్సైడ్ అని కూడా అంటారు.

నేలమాళిగ: ఇంటి కింద, భూమి లోపల కట్టిన గది.

వాటాదారు: నలుగురు కలిసి పెట్టిన సొమ్ములో భాగం ఉన్న మనిషి.

లెక్క చేయండి

1. ఒక మోటారు సైకిల్‌కు నెలకు 10 లీటర్ల పెట్రోలు పడుతుంది. లీటరుకు 2 కిలోల 300 గ్రాముల వాయువు వస్తుంది. నెలకు ఎంత వస్తుంది? ఏడాదికి ఎంత?

2. మీ ఇంట్లో పోయిన నెల ఎన్ని యూనిట్ల కరెంటు కాలింది? బిల్లు తీసి చూడండి. ఈ నెల బిల్లుతో పోల్చండి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో, మీ ఊళ్ళో వృథాగా పోయే వేడి, కరెంటు, డీజిలు ఏమేమిటి?

2. కోపెన్‌హాగెన్ మాట నిలబెట్టుకోలేకపోయింది. అయినా ఆ మాట ఇవ్వడం మంచిదేనా? మీరేమంటారు?

3. చెత్తను కాల్చడం మంచిదా, చెత్త తగ్గించడం మంచిదా? ఎందుకు?

4. వచ్చే గ్రామసభలో మీరు అడగాలనుకునే ఒక ప్రశ్న రాయండి. రాసిన కాగితం వెంట తీసుకువెళ్ళండి.